పాత బెంచి వైసుకు కొత్త భాగములు

పంచాయతీ కొట్టులోనో, ఊరి కమ్మరి పనిశాలలోనో ఒక మూల తుప్పు పట్టి పడియున్న బెంచి వైసును సభ్యులలో పలువురు చూచియుందురు. పట్టు నిలుచుట లేదనియు, మర జారుచున్నదనియు చెప్పి దానిని పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మివేయుట కద్దు. కాని తరచుగా చెడినది వైసు కాదు, అందలి ఒక నట్టు మాత్రమే. నట్టు కొరకు వైసును పారవేయుట, అరిగిన సీల కొరకు బండిని పారవేయుట వంటిది.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. వేసవిలో ఇండియా మార్కు 2 చేతిపంపు చెడినపుడు, దాని కడ్డీని తగిన పొడవునకు కోసి కొనకు మర వేయవలసియుండును. ఆ కడ్డీని కదలకుండ పట్టియుంచు సాధనము ఊరిలో లేనియెడల, పని పట్టణమునకు పోవును. అది తిరిగి వచ్చునందాక స్త్రీలు బిందెలతో దూరము నడువవలెను. పంచాయతీ ట్రాక్టరు ట్రాలీ కొక్కెమునకైనను, వీధిదీపపు బిగింపు పట్టీకైనను ఇదే అవసరము.

వైసు పనిచేయు విధము

చెరువు తూము తలుపును మరతో పైకెత్తుట ఇబ్రహీంపట్నం ప్రాంతపు రైతులకు తెలిసినదే. చక్రము త్రిప్పగా మర నట్టులో తిరిగి తలుపును లేపును. వైసు సూత్రమును అట్టిదే. ఇందు రెండు దవడలు గలవు. ఒకటి బల్లకు బిగింపబడి స్థిరముగా నుండును, రెండవది జరుగును. జరుగు దవడ గుండా పోవు మర, స్థిర దవడ క్రింద దాగియున్న నట్టులో తిరుగును. దవడల ముఖములకు గట్టి ఉక్కు పలకలు మరమేకులతో బిగింపబడియుండును. నట్టు, దవడ పలకలు, పిడికడ్డీ మార్చుకొనుటకు వీలుగా విడిగా చేయబడినవి. అరుగుదల వీనిమీద పడి పెద్ద పోత శరీరము నిలుచుటయే ఇందలి ఉద్దేశము.

లోపమును గుర్తించుట

మర తిరుగుచున్నను దవడ కదలనియెడల, నట్టు పళ్లు పోయినవనియో, నట్టు తన స్థానము తప్పినదనియో గ్రహింపవలెను. బిగించునపుడు దవడ లోనికి వచ్చి, వదులు చేయునపుడు వెనుకకు పోక మర ఒక్కటే బయటికి వచ్చుచున్నచో, మరను దవడతో కలిపియుంచు వాషరుగాని, స్ప్లిట్ పిన్నుగాని ఊడినదని అర్థము. ఇది స్వల్ప వ్యయముతో సరియగును. దవడలు బాగుగనే బిగిసి, పట్టిన వస్తువు మాత్రము జారుచున్న, పలకల గాట్లు అరిగినవి. పిడికడ్డీ వంగిన, అదే మందముగల ఉక్కు కడ్డీ చాలును.

కొలతలు తీయుట

వైసును విప్పి, కిరసనాయిలుతో కడిగి, దానిపై పోతలోనున్న పేరును, సంఖ్యను వ్రాసికొనవలెను. ఇంగ్లాండులోని షెఫీల్డు నగరమున తయారైన రికార్డు వంటి వైసులపై ఇట్టి సంఖ్య ఉండును. పిదప దవడ వెడల్పు, మర వ్యాసము, పలకలోని రెండు రంధ్రముల మధ్య దూరము కొలువవలెను. మర పళ్ల ఎడము తెలియుటకు వరుసగా పది పళ్ల దూరము కొలిచి, పదిచే భాగించవలెను. అరుగుదల తక్కువగానుండు మర చివరి భాగముననే ఈ కొలత తీయుట మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. మన దేశమున 1956లో తూనికలు, కొలతల శాసనము చేయబడి, 1958 అక్టోబరు నుండి మీటరు పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చినది. అంతకుముందు కాలపు వైసులలో సాధారణముగా అంగుళపు మరలే ఉండును. బ్రిటిషు విట్‌వర్తు మర పంటి కోణము 55 డిగ్రీలు. మీటరు మరకు 60 డిగ్రీలు. పైకి రెండును ఒకటిగానే కనబడును. ఒకదాని స్థానమున మరియొకదానిని బలవంతముగా ఎక్కించినచో, దవడలోని రంధ్రపు మర పాడగును.

ఎక్కడ దొరకును?

మొదట సికింద్రాబాదులోని రాణీగంజు పనిముట్ల అంగళ్లలో విచారింపవచ్చును. పాత భాగమును వెంట తీసికొనిపోవుట మంచిది. నోటిమాటతో తెచ్చిన నట్టు తరచుగా తిరిగి పోవును. అచ్చముగా అదే భాగము దొరకనిచో, చేయించుటయే మార్గము. హైదరాబాదులోని బాలానగరు లేతు పనివారికి ప్రసిద్ధి. 1968లో నెలకొల్పబడిన కేంద్ర పనిముట్ల రూపకల్పన శిక్షణ సంస్థయు అచటనే కలదు. అయినను ముందుగా మన మండల కేంద్రమందలి లేతు పనివానిని అడుగుట న్యాయము.

నట్టును కంచుతోగాని, మంచి పోత ఇనుముతోగాని చేయింపవచ్చును. మర మధ్యభాగము బాగుగా అరిగియున్నచో, నట్టును మాత్రమే మార్చుట వలన ప్రయోజనము స్వల్పము. అప్పుడు మరను, నట్టును జంటగా చేయింపవలెను. జంటగా చేయించునపుడు పాత చదరపు మరనే పట్టుకొని కూర్చుండనక్కరలేదు. వాలు అంచులుగల మరను లేతుపై కోయుట సులభము, బలమును ఎక్కువ. పలకలను ఉక్కుతో చేయించి, గాట్లు వేసిన పిమ్మట కాచి గట్టిపరుపవలెను.

దేనిని బాగుచేయరాదు?

పోత ఇనుప శరీరము పగిలినచో ఆశ విడుచుట ఉత్తమము. పోత ఇనుమును అతుకుటకు ముందుగా కాచుటయు, నికెలు కడ్డీయు, ఆరితేరిన చేయియు కావలెను. అట్లు అతికినను, పూర్తి బిగింపునకు అది తాళునని నమ్మరాదు. బిగింపులో విరిగిన దవడ పనివాని చేతిని గాయపరచును. అపుడు భారత ప్రమాణము ఐ.యస్. 2586 ననుసరించిన కొత్త వైసును కొనవలెను.

పంచాయతీ కర్తవ్యము

అమ్మకపు తీర్మానమునకు ముందు వైసును ఒక పనివానిచే విప్పించి చూడవలెను. మరమ్మతు ఖర్చును, కొత్తదాని ధరను ప్రక్కప్రక్కన వ్రాసి సభ ముందుంచవలెను. తీసిన కొలతలను సామగ్రి రిజిస్టరులో నమోదు చేసినచో, పదేండ్ల తరువాత వచ్చు సభ్యులకు మరల వెదకు శ్రమ తప్పును. పిడికి గొట్టము తొడిగి బిగింపరాదనియు, వైసుపై సమ్మెటతో కొట్టరాదనియు పనివారికి చెప్పవలెను. నెలకొకసారి మరను తుడిచి గ్రీజు పూయవలెను.

ఊరి సొత్తును కాపాడుట అనగా భవనములను, చెరువుగట్లను కాపాడుట మాత్రమే కాదు. ఒక నట్టు మార్పించి వైసును నిలిపిన పంచాయతీ, ఎండకాలపు ఉదయమున ఊరి చేతిపంపు ఆగకుండ చూచిన పంచాయతీ యగును.