గీత మారిన ఊళ్లు

నాందేడ్ జిల్లా బిలోలీ తాలూకాలో కుండల్‌వాడి ఒక చిన్న పట్టణం. గోదావరిలో మంజీర కలిసే కందకుర్తి ఇక్కడికి దగ్గరే. ఊళ్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఈ ఊరు ఎక్కడికీ కదలలేదు. అయినా 1948 నుంచి 1960 వరకు, పన్నెండేళ్లలో, మూడుసార్లు దీని ఏలుబడి మారింది. ఊరు ఉన్నచోటనే ఉండగా రాజ్యం మారిపోవడం చరిత్రలో కొత్త కాదు. గ్రీసు దేశ చరిత్రలో ఇటువంటివి చాలా జరిగాయి.

ప్రాచీన కాలంలో గ్రీసు ఒకే రాజ్యం కాదు. భాష ఒకటే, కొలిచే దేవతలూ వారే. కాని ఒక్కొక్క నగరమే ఒక్కొక్క రాజ్యం. వాటిలో ఎథెన్స్, స్పార్టా బలమైనవి. క్రీ.పూ. 431లో ఈ రెండింటికీ మొదలైన యుద్ధం క్రీ.పూ. 404 దాకా సాగింది. మీలోస్ అనే చిన్న ద్వీపం ఎవరి పక్షమూ వహించకుండా ఉండాలనుకున్నది. క్రీ.పూ. 416లో ఎథెన్స్ సేనలు వచ్చి లొంగిపొమ్మన్నాయి. మీలోస్ ప్రజలు ఒప్పుకోలేదు. ముట్టడి తరువాత ద్వీపం లొంగిపోగా, పట్టుబడిన మగవారిని చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మివేశారు. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లని పేరుపొందిన నగరమే ఈ పని చేసింది! ఈ సంగతిని వ్రాసి ఉంచిన థూసిడిడీస్ కూడా ఎథెన్స్ వాడే.

ఇక ఆధునిక కాలం. తుర్కుల పాలనపై 1821లో తిరుగుబాటు చేసిన గ్రీకులకు 1830లో స్వతంత్ర రాజ్యం ఏర్పడింది. అయితే గ్రీకులు ఎందరో దాని సరిహద్దుల వెలుపలే ఉండిపోయారు. వారి ప్రాంతాలను కలుపుకోవాలని 1919లో గ్రీసు సైన్యం స్మిర్నా రేవులో దిగింది. 1922లో ఓడిపోయింది. మరుసటి సంవత్సరం జనవరి 30న లోసాన్ నగరంలో రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం తుర్కీలోని క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లిములు తుర్కీకి పోవాలి. సుమారు 12 లక్షలమంది అటునుంచి ఇటు, నాలుగు లక్షలకు దగ్గరగా ఇటునుంచి అటు చేరారు. అప్పటికే ప్రాణభయంతో పారిపోయినవారూ ఈ లెక్కలో ఉన్నారు.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఎవరు పోవాలో నిర్ణయించినది మతమే గాని భాష కాదు. ఇంట్లో తుర్కీ భాష తప్ప మరొకటి రాని క్రైస్తవులు గ్రీసుకు పోయారు. గ్రీకు మాత్రమే తెలిసిన క్రీటు ద్వీపపు ముస్లిములు తుర్కీకి పోయారు. పొలమూ ఇల్లూ వదలి వచ్చినవారికి కొత్త దేశంలో పక్కింటివారి మాట అర్థం కాలేదు.

కుండల్‌వాడి ప్రాంతంలో జరిగినది వేరు. అప్పట్లో ఇది నిజాం పాలించే హైదరాబాదు సంస్థానంలోనిది. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలన్నీ అందులోనే ఉండేవి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించగా 17న నిజాం లొంగిపోయాడు. తరువాత రాష్ట్రాల పునర్విభజన వచ్చింది. 1956 నవంబరు 1న నాందేడ్ జిల్లాలో ఎక్కువ భాగం బొంబాయి రాష్ట్రానికి పోయింది. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ భాగాలు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ భాగాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఇవి 2014 నుంచి తెలంగాణలో ఉన్నాయి. కుండల్‌వాడి మాత్రం ఇవతలే ఉండి 1960 మే 1న మహారాష్ట్రలో భాగమైనది.

గీత ఎంత జాగ్రత్తగా గీసినా రెండు భాషలు కలగలిసిన చోట కొందరు అటూ ఇటూ మిగలక తప్పదు. కాని ఇక్కడ ఇల్లు ఖాళీ చేయమని ఎవరికీ ఆజ్ఞ రాలేదు. బోధన్ వైపు పిల్లనిచ్చినవారు వేరే రాష్ట్రంవారికి వియ్యంకులయ్యారు, అంతే. పైగా అదే 1956లో రాజ్యాంగాన్ని సవరించి 350-ఎ అనే అధికరణం చేర్చారు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతున్నది. మరాఠీ రాజభాషగా ఉన్న రాష్ట్రంలో తెలుగు వాచకం తెరిచి పాఠం చదివే పిల్లలకు ఆ అధికరణం అండగా ఉన్నది.