పాట పాతది, వయసు పడుచుది

1964లో వచ్చిన ‘వో కౌన్ థీ’ సినిమాలోని ‘లగ్ జా గలే’ పాటకు 60 ఏళ్లు దాటాయి. మదన్‌మోహన్ పహాడీ రాగంలో కట్టిన ఆ బాణీని లతా మంగేష్కర్ గొంతులో విని, ఆనాటిదే సంగీతం, ఇప్పుడొచ్చేదంతా గోల అని తేల్చేసేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల అభిమానాన్ని శంకించనక్కర్లేదు, తీర్పునే శంకించాలి. అమెరికాలో పరిశోధకులు మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ 16 నుంచి 86 ఏళ్ల మధ్య వయసున్న 108 మందికి 1932–86 నాటి 28 పాటలు వినిపించి మార్కులు వేయించారు. 1989లో ఫలితాలు ప్రచురించారు. ఏదో ఒక దశాబ్దం పాటలు నిజంగానే మేలైనవైతే అందరి మార్కులూ అక్కడే పోగుపడాలి. అలా జరగలేదు. పాట విడుదలైననాటికి 24 ఏళ్లకు కాస్త అటూ ఇటూగా ఉన్నవాళ్లే దాన్ని ఎక్కువగా మెచ్చారు. తాతకు తన కాలం పాట, మనవడికి తన కాలం పాట.

ఆ వయసుకు ఏమిటంత ప్రత్యేకత? గతాన్ని తలచుకోమంటే నడివయసు దాటినవాళ్లకు సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య సంగతులే ఎక్కువగా గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనిస్తున్నారు. మొదటి ఉద్యోగం, మొదటి ప్రేమ, ఇల్లు వదిలి వెళ్లడం, అన్నీ అప్పుడే కదా! జ్ఞాపకాలను కదిలించే పాట వింటున్నప్పుడు, మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే ముందుమెదడు మధ్యభాగం చురుకవుతుందని 2009లో పరిశోధకుడు పీటర్ జనాటా చూపించారు. దీనికి తోడు, వినగా వినగా పెరిగే చనువు, పాటకోసం పడే ఎదురుచూపు. ఆకాశవాణి సినిమా పాటలకు దాదాపు తలుపు మూసేసిన 1952లోనే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ సినిమా పాటల కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. బుధవారం రాత్రి 8 గంటలకు షార్ట్‌వేవ్ గరగరలోంచి వచ్చే పాటకోసం చెవులు రిక్కించాల్సిందే. ఎదురుచూపు అనేది పాట లోపలా ఉంటుంది. పులకింత కలిగించే ఘట్టం రాకముందే మెదడులో ఒకచోట, వచ్చాక మరోచోట డోపమైన్ విడుదలవుతుందని మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో కనుగొన్నారు. తెలిసిన పాటలో మలుపు ఎక్కడుందో చెవికి ముందే తెలుసు. కొత్త పాటకు ఆ సౌలభ్యం తక్కువ.

మరి 2000 తర్వాత పుట్టినవాళ్లు కూడా ‘లగ్ జా గలే’ పాడుకుంటున్నారే అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. క్యారల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో 20 ఏళ్ల ప్రాయంలోని 62 మందికి 1955–2009 నాటి అమెరికన్ హిట్లు వినిపించారు. వాళ్లకు తమ కాలపు పాటలతోపాటు తల్లిదండ్రుల యౌవనం నాటి పాటలూ నచ్చాయి. 1960ల పాటల దగ్గరా ఇష్టం మరోసారి పెరిగినట్టు కనిపించింది. అమ్మ వంటింట్లో కూనిరాగం తీసిన పాట పిల్లల జ్ఞాపకంలోనూ చేరుతుందన్నమాట. అమెరికా లెక్క మనకు అచ్చంగా సరిపోవాలని లేదు. ఒకే రేడియో చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చున్నచోట ఈ వారసత్వం ఇంకా బలంగా ఉంటుందని నా అనుమానం.

అన్నీ వయసు మహిమే అయితే 1964 నాటి పాటలన్నీ ఎందుకు మిగల్లేదన్నది ఇంకో అభ్యంతరం. ఇక్కడ బాణీకి దక్కాల్సిన వాటా దక్కాలి. నిదానంగా సాగే ఈ పాటను వాద్యాలు లేకుండానే పాడుకోవచ్చు, హిందీ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లూ పల్లవి పట్టుకోగలరు. ఇంట్లో ఒకరినుంచి ఒకరికి అందడానికి ఆ సులువు కావాలి. అలా అందని పాటలు ఆనాడు వాటిని విన్న యువతరంతోనే ఆగిపోతున్నాయి. వాటిని ఎవరూ మోగించరు కాబట్టి ఆ కాలంలో చెత్త లేదనుకుంటాం.