క్రిమినాలజీ చదివితే డిటెక్టివ్ అవుతారా?

ఇంటర్ పాసైన పిల్లల తల్లిదండ్రులు ఈమధ్య ఫోన్లలో కొత్త ప్రశ్న ఒకటి వేస్తున్నారు. "మావాడు క్రిమినాలజీ చదువుతానంటున్నాడు. మీ జర్మనీలో ఫీజు లేదటగా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో సీటు దొరుకుతుందా తమ్ముడూ?" అని. అడిగేవాళ్లలో దుబాయ్, మస్కట్‌లలో ఎండకు మాడి నెలనెలా ఇంటికి డబ్బు పంపే అన్నలు కూడా ఉన్నారు. పిల్లవాడు టీవీ సీరియల్లో డిటెక్టివ్‌ను చూసి ముచ్చటపడతాడు. తండ్రి పోలీసు ఆఫీసర్ అవుతాడనుకుంటాడు. కన్సల్టెన్సీ వాడు సీటు గ్యారంటీ అంటాడు. అప్పు చేసేముందు అసలు సంగతి తెలుసుకోవడం మంచిది.

దొంగను పట్టుకోవడం పోలీసు పని. వేలిముద్ర, రక్తపు మరక పరీక్షించడం ఫోరెన్సిక్ సైన్స్. క్రిమినాలజీ ఈ రెండూ కాదు. నేరాలు ఎందుకు జరుగుతాయి, ఎవరు బలవుతారు, జైల్లో పెడితే మనిషి మారతాడా లేక ఇంకా చెడిపోతాడా అనేవి ఆ శాస్త్రం తేల్చే ప్రశ్నలు. అందులో సమాజశాస్త్రం ఉంటుంది, లా ఉంటుంది, సైకాలజీ ఉంటుంది. అన్నింటికీ మించి స్టాటిస్టిక్స్ ఉంటుంది. లెక్కలంటే పారిపోయి ఆర్ట్స్ తీసుకున్న పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

ఈ శాస్త్రం తొలినాళ్లలో పెద్ద తప్పుదారి పట్టింది. ఇటలీలో లొంబ్రోసో అనే డాక్టరు 1876లో పుస్తకం రాసి, కొందరు పుట్టుకతోనే నేరస్థులు, ముఖం చూసి చెప్పొచ్చన్నాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1871లో, ఇంగ్లీషు దొరలు మన దేశంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కులాలకు కులాలనే నేరస్థులని ముద్రేశారు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ నిఘాలో పెట్టారు. స్వాతంత్య్రం తర్వాత 1952లో చట్టం రద్దయినా ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలత లవణం దంపతులు ఏళ్ల తరబడి అక్కడ సంస్కరణ పని చేశారు. ఆ దంపతులకు క్రిమినాలజీ డిగ్రీ లేకపోవచ్చు గానీ, ఆ చదువు చదివేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఆ ఊరి కథే అని నా అభిప్రాయం.

జర్మనీలో వేరే ఆలోచన కూడా నడిచింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో గంట ప్రయాణం దూరంలో మార్‌బుర్గ్ ఉంది. అక్కడి యూనివర్సిటీలో ఫ్రాంజ్ ఫాన్ లిస్ట్ అనే లా ప్రొఫెసర్ 1882లో, శిక్షకు ఒక ప్రయోజనం ఉండాలి, మనిషిని చూసి శిక్ష వేయాలి అని వాదించాడు. అందుకే ఈ దేశంలో క్రిమినాలజీ చాలావరకు లా ఫ్యాకల్టీల్లోనే ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ గోథే యూనివర్సిటీలోనూ అంతే. లా చదివేవాళ్లు చివర్లో తీసుకునే ప్రత్యేక విభాగాల్లో నేరశాస్త్రాలు వస్తాయి. ఆ లా మొత్తం జర్మన్ భాషలో, జర్మన్ చట్టం మీద. బోఖుమ్ యూనివర్సిటీలో క్రిమినాలజీ మాస్టర్స్ ఉంది గానీ అది ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ల కోసం, జర్మన్‌లో. ఇంగ్లీషులో చదవాలంటే ఇంగ్లండు, హాలండు వైపు చూడాలి. అక్కడ ఫీజులు వాచిపోతాయి.

ఇక ఖర్చు. ఇక్కడి గవర్నమెంటు యూనివర్సిటీలో చదువు ఫీజు లేదన్నది నిజం, సెమిస్టర్‌కు కొంత కడితే చాలు. కానీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు చూపాలి. 2024 సెప్టెంబరులో నిర్ణయించిన మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. రూపాయల్లో సుమారు పన్నెండు లక్షలు. మన విద్యార్థులకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. ఉత్త ఇంటర్‌తో నేరుగా సీటు రాదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసై ఉండాలి, లేదా మన దగ్గర డిగ్రీలో ఒక ఏడాది చదివి ఉండాలి, లేదా ఇక్కడ స్టూడియెన్‌కొల్లెగ్ అనే ఏడాది కోర్సు చేయాలి. సీటు గ్యారంటీ అన్నవాణ్ని ఈ మూడింటిలో ఏదారిన పంపుతావని అడిగి చూడండి.

ఉద్యోగాల మాటేమిటి?

పోలీసు అవ్వాలంటే క్రిమినాలజీ డిగ్రీ అక్కర్లేదు. హెస్సెన్ రాష్ట్రంలో పోలీసులకు సొంత కాలేజీ ఉంది. మూడేళ్ల బ్యాచిలర్స్, చదివేటప్పుడే జీతం. జర్మన్ పౌరసత్వం లేనివాళ్లను కూడా కొన్ని షరతుల మీద తీసుకుంటారు. కాకపోతే జర్మన్ ధారాళంగా రావాలి. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది మంచి దారి. కానీ మన ఇళ్లల్లో సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకో మాట వినపడదు!

ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే వీస్‌బాడెన్‌లో జర్మనీ కేంద్ర నేర పోలీసు సంస్థ, బీకేఏ, ఉంది. నేరశాస్త్ర పరిశోధన చేసే క్రిమ్‌జెడ్ అనే కేంద్రమూ ఆ ఊళ్లోనే ఉంది. జైలు నుంచి విడుదలైనవాళ్లను, కోర్టుకెక్కిన కుర్రాళ్లను చూసుకునే ఉద్యోగాలు సోషల్ వర్క్ డిగ్రీతో వస్తాయి. ఆ డిగ్రీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉంది.

బయట నుంచి వచ్చినవాడికి కాస్త తలుపు తెరిచి ఉన్నది బ్యాంకుల్లో. ఇది బ్యాంకుల నగరం, నల్లడబ్బును కనిపెట్టే కంప్లయన్స్ విభాగం ప్రతి పెద్ద బ్యాంకులోనూ ఉంటుంది. యూరోపియన్ యూనియన్ మనీ లాండరింగ్ నిరోధక సంస్థ అమ్లాను కూడా 2024లో ఫ్రాంక్‌ఫర్ట్‌కే కేటాయించారు, 2025లో అది పని మొదలుపెట్టింది. అందులో ఉద్యోగాలు సాధారణంగా సభ్యదేశాల పౌరులకే. బ్యాంకుల్లో ఆ అడ్డు లేదు. అక్కౌంట్స్, కంప్యూటర్ తెలిసినవాడు ఆర్థిక నేరాల గురించి చదివితే పనికొస్తుంది.

సైటు మీద కనిపించే నేరం

నేను బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌ని. ఈ శాస్త్రం మనలాంటివాళ్లకు ఎందుకు కావాలో నాకు అర్థమైంది అక్కడే. ఇక్కడ కస్టమ్స్ శాఖలో దొంగ కూలీని పట్టే విభాగం ఒకటి ఉంది. అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా వచ్చి గేటు మూసేస్తారు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఎన్ని గంటలు పని, జీతం ఎవరిస్తారు, ఎంతిస్తారు అని అడుగుతారు. పదకొండు గంటలు పనిచేసినవాడు ఎనిమిదని చెబుతాడు. నిజం చెబితే పని పోతుంది, ఊళ్లో అప్పు అలాగే ఉంటుంది. పనివాణ్ని నిస్సహాయుణ్ని చేసి దోచుకోవడం జర్మన్ శిక్షాస్మృతి 233వ సెక్షన్ ప్రకారం నేరం. కానీ అతను ఎనిమిదన్నాడు కాబట్టి ఆ నేరం ఏ లెక్కలోకీ రాదు. ఇలా రికార్డుకెక్కని నేరాన్ని ఇక్కడి శాస్త్రవేత్తలు 'చీకటి క్షేత్రం' అంటారు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు లాక్కున్న యజమాని కేసు ఎంతమంది పెట్టారో లెక్కేసుకుంటే ఈ మాట మీకే తెలుస్తుంది.

ఎక్కువగా రికార్డుకెక్కేది దీనికి తలకిందుల సంగతి. బీకేఏ ఏటా నేరాల లెక్కలు విడుదల చేయగానే విదేశీయులే నేరాలు చేస్తున్నారని హెడ్డింగులు వస్తాయి. ఆ లెక్కలు అనుమానితులవి, శిక్ష పడినవాళ్లవి కావు. వీసా గడువు దాటడంలాంటి, విదేశీయుడు మాత్రమే చేయగల నేరాలూ కలిపి చూపే అంకె ఒకటుంటుంది. వచ్చిపోయే టూరిస్టులూ అందులో పడతారు. వలసవచ్చిన వాళ్లలో కుర్రాళ్లు ఎక్కువ, ఏ దేశంలోనైనా నేరాలు ఎక్కువ చేసేది కుర్రాళ్లే. ఇవన్నీ విడదీసి చెప్పాలంటే ఆ చదువు చదివినవాడు కావాలి. అలాంటివాడు మనలో ఒకడుంటే బాగుండునని ప్రతి ఏడాదీ అనిపిస్తుంది.

బాధితుడెవరు, నేరస్థుడెవరు అన్నది కూడా తేలిక కాదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠా గుట్టు రట్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపారు. అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. ఫోన్ చేసి మోసగించింది అతనే, అమ్ముడుపోయిందీ అతనే. బాధితుల గురించి చదివే శాఖను విక్టిమాలజీ అంటారు, క్రిమినాలజీలో అదొక భాగం. ఏజెంటు చేతిలో దెబ్బతిన్న కుటుంబాల పిల్లలకు ఆ పాఠం త్వరగా ఎక్కుతుంది.

సైన్స్ గ్రూపు పిల్లలైతే జర్మనీ దాకా రానక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరం జరిగిన చోటికి ఫోరెన్సిక్ నిపుణుడు వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఇది అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. అంటే జిల్లా జిల్లాకూ మనుషులు కావాలి. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. క్రిమినాలజీయే కావాలనుకుంటే మద్రాసు యూనివర్సిటీలో ఎప్పటినుంచో ఆ డిపార్ట్‌మెంటు ఉంది. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా వెళ్లి, ఏం నేర్పుతారో అడిగి, రాత్రికి ఇంటికి రావచ్చు.