స్పేస్‌నావిగేటర్‌ని మామూలు మౌస్‌లా వాడాలంటే

కరీంనగర్‌లో డీటీపీ చేసే మా బాపుకు మణికట్టు సరిగ్గా తిరగదు, మౌస్ జరపడం కష్టం. అందుకే త్రీడీకనెక్షన్ వాళ్ల స్పేస్‌నావిగేటర్‌కి లైనక్స్‌లో సొంత డ్రైవర్ రాసిన. త్రీడీ డిజైన్ వాళ్ల కోసం చేసిన నాబ్ ఇది. వేళ్లతో కొద్దిగా నెట్టితే చాలు, చెయ్యి జరపనక్కర్లేదు.

చిక్కు ఎక్కడంటే, మౌస్ ఎంత జరిగిందో చెప్తది, ఇది ఎంత నెట్టారో చెప్తది. నెట్టి అట్లనే పట్టుకుంటే అంకె మారదు. కాబట్టి దాన్ని దూరంగా కాదు, వేగంగా లెక్కగట్టాలి. సెకనుకు 100 సార్లు చివరి అంకె చూసి పాయింటర్‌ని జరిపే లూప్ పెట్టిన.

కెర్నల్ జోలికి పోలేదు. హెచ్‌ఐడీరా నుంచి చదివి యూఇన్‌పుట్‌కి రాసే చిన్న పైథాన్ ప్రోగ్రామే. మొదటి బైట్ 1 అయితే నెట్టుడు, 2 అయితే తిప్పుడు, 3 అయితే బటన్లు. ఒక్కో అక్షానికి రెండు బైట్లు, విలువలు దాదాపు మైనస్ 350 నుంచి 350 దాకా. 20 లోపు వచ్చేదంతా సున్నా అనుకోండి, లేకుంటే చెయ్యి వణికినా పాయింటర్ ఊగుతది. మిగిలినదాన్ని వర్గం చేయండి, గుర్తు మాత్రం అట్లనే ఉంచాలి. అప్పుడు మెల్లగా నెట్టితే అక్షరం మీద ఆగుతది, గట్టిగా నెట్టితే స్క్రీన్ దాటుతది.

డ్రాగ్ కోసం ఎడమ బటన్‌కి లాక్ పెట్టిన: ఒకసారి నొక్కితే పట్టు, మళ్లీ నొక్కితే వదులు. బాపుకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. విండోస్‌లో యూఇన్‌పుట్ ఉండదు, అక్కడ వేరే దారి చూసుకోవాలె.