కొత్తవి వచ్చినా వన్నె తగ్గని పాత లాప్‌టాప్

వస్తువు పాతబడిన కొద్దీ దాని విలువ తగ్గుతుందన్నది బజారు నియమం. ఎలక్ట్రానిక్ పరికరాల విషయంలో ఈ నియమం మరింత కఠినంగా వర్తిస్తుంది. అయినా 2011లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్220 అనే చిన్న నల్లని లాప్‌టాప్‌ను నేటికీ వెదికి కొనుక్కునేవారు ఉన్నారు. దానికి కొత్త బ్యాటరీ వేయించి, లోపలి హార్డ్ డిస్క్ మార్పించి, నిత్యం దానిపైనే రాతకోతలు సాగించుకుంటున్నారు. కొత్తది కొనే స్థోమత లేక కాదు. వారిలో పలువురు కంప్యూటర్ రంగంలోనే పని చేసే నిపుణులు. మరి పాతదాన్నే ఎందుకు కోరుకుంటున్నారు?

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమైతే ఈ పుటలలో చర్చించవలసిన పని లేదు. కానీ ప్రతి సంవత్సరం పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లో తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి అడుగుతుంటారు: "మౌలానా సాబ్, అమ్మాయి డిగ్రీలో చేరుతోంది. లాప్‌టాప్ కావాలంటోంది. అప్పు చేసైనా కొత్తది కొనమంటారా?" చాలా ఇళ్ళలో నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము ఆ ఒక్క వస్తువుకే పోతుంది. కనుక పాతదానిలో నిలిచిన గుణమేమిటో, కొత్తదానిలో పెరిగినదేమిటో, తగ్గినదేమిటో తెలుసుకున్న తరువాతే డబ్బు తీయడం మంచిది.

వేళ్ళకు తెలిసే తేడా

ఐబీఎం సంస్థ 1992లో థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లను విడుదల చేసింది. నల్లని పెట్టె, మీటల నడుమ ఎర్రని చిన్న బొడిపె దాని గుర్తులు. రిచర్డ్ సాపర్ అనే జర్మన్ రూపశిల్పి దానికి ఆ ఆకృతినిచ్చాడు. 2005లో ఐబీఎం కంప్యూటర్ విభాగం చైనాకు చెందిన లెనోవో చేతికి వెళ్ళినా ఆ నలుపూ, ఆ ఎర్ర బొడిపె అలాగే కొనసాగాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సైతం ఈ లాప్‌టాప్‌లను వాడారు.

వీటికి అంతటి పేరు తెచ్చినది కీబోర్డు. ఏడు వరుసల మీటలు, వేలికి ఒదిగే పల్లం, నొక్కినప్పుడు లోపలికి దిగి మళ్ళీ పైకి లేచే స్పష్టమైన కదలిక, ఇవన్నీ గంటల కొద్దీ టైపు చేసేవారికి విలువైనవి. 2012 నమూనాల నుండి ఆ ఏడు వరుసలు ఆరయ్యాయి, మీటలు చదునయ్యాయి. పాత కీబోర్డు కోరేవారు మాత్రం ఊరుకోలేదు. ఎక్స్220 కీబోర్డును విప్పి దాని తరువాతి ఎక్స్230కు అమర్చుకునే పద్ధతిని కనిపెట్టారు. చివరకు 2017లో, థింక్‌ప్యాడ్‌కు పాతికేళ్ళు నిండిన సందర్భంలో, లెనోవో సంస్థే ఏడు వరుసల కీబోర్డుతో ఒక ప్రత్యేక నమూనాను పరిమిత సంఖ్యలో విడుదల చేసింది. వాడుకరులు అడుగుతున్నది వట్టి గతకాలపు మురిపెం కాదని తయారీదారు కూడా గుర్తించినట్లే కదా!

విప్పితే విడివడే యంత్రం

రెండవ కారణం మరమ్మతు. నాటి లాప్‌టాప్‌లలో చాలావాటి బ్యాటరీ అడుగున ఉండే గొళ్ళెం జరిపితే చేతిలోకి వచ్చేది. చిన్న మూత స్క్రూలు తీస్తే ర్యామ్ కనిపించేది. హార్డ్ డిస్క్ పక్కనుండి జారి బయటకు వచ్చేది. ఏ భాగం పాడైతే ఆ భాగమే మార్చుకోవచ్చు. థింక్‌ప్యాడ్‌ల వంటి కార్యాలయ లాప్‌టాప్‌లకు విప్పే విధానాన్ని బొమ్మలతో వివరించే పుస్తకాలను తయారీ సంస్థే అందరికీ అందుబాటులో ఉంచింది. పైగా పెద్ద కంపెనీలు ఒకే నమూనాను వేల సంఖ్యలో తీసుకొని, మూడు నాలుగేళ్ళు వాడి ఒకేసారి వదిలించుకుంటాయి. అందుకే వాటి తెరలు, కీళ్ళు, కీబోర్డులు బజారులో సులభంగా దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి చోట్ల ఈ వ్యాపారం దశాబ్దాలుగా సాగుతోంది.

ఇప్పుడు వస్తున్న పల్చని లాప్‌టాప్‌లలో అధిక భాగం ఇందుకు భిన్నం. ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికిస్తున్నారు. ఎనిమిది జీబీతో కొన్నవాడు ఎప్పటికీ ఎనిమిది జీబీతోనే సరిపెట్టుకోవాలి. ఆ ర్యామ్ చిప్ చెడితే బోర్డు మొత్తం మార్చవలసి రావచ్చు. ఒక చిన్న లోపం యంత్రం మొత్తానికి చేటు తెస్తుంది.

సన్నదనం మీది మోజు

2008 జనవరిలో ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ వేదికపై ఒక కాగితపు కవరులో నుండి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటకు తీసి చూపించాడు. లోకం ముచ్చటపడింది. అయితే దాని ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది. బ్యాటరీ వాడుకరి మార్చుకునేది కాదు. 2012లో వచ్చిన రెటినా తెర మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని జిగురుతో అంటించారు. మరమ్మతుకు అనువుగా ఉందా లేదా అని పరికరాలను విప్పి చూసే ఐఫిక్సిట్ సంస్థ దానికి పదికి ఒకే ఒక్క మార్కు వేసింది.

సన్నదనం కోసం 2015లో బటర్‌ఫ్లై అనే కొత్త రకం మీటలను ఆపిల్ తీసుకువచ్చింది. వాటి కదలిక అర మిల్లీమీటరుకు కాస్త పైన మాత్రమే. లోపలికి ఒక ధూళి రేణువు చేరినా మీట పనిచేయకుండా పోవడమో, ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు పడడమో జరిగేది. ఫిర్యాదులు పెరిగి 2018లో ఉచిత మరమ్మతు పథకాన్ని ప్రకటించవలసి వచ్చింది. అమెరికాలో వేసిన దావాను 2022లో ఐదు కోట్ల డాలర్లకు పరిష్కరించుకోవడానికి ఆ సంస్థ అంగీకరించింది. ఈ లోగా 2016 మ్యాక్‌బుక్ ప్రో నుండి హెచ్‌డీఎంఐ ద్వారం, మెమరీ కార్డు గాడి, తీగ తగిలితే తేలికగా ఊడిపోయే అయస్కాంత చార్జరు అన్నీ పోయాయి. ఆ ఐదారేళ్ళు చాలామంది 2015 నాటి పాత మ్యాక్‌బుక్ ప్రోనే పట్టుకొని కూర్చున్నారు.

ఆ తరువాత జరిగినది గమనార్హం. 2019 చివర పాత పద్ధతి మీటలు మళ్ళీ వచ్చాయి. 2021లో హెచ్‌డీఎంఐ, కార్డు గాడి, అయస్కాంత చార్జరు మూడూ తిరిగి వచ్చాయి. తెరల విషయమూ ఇంతే. సినిమాలకు తగినట్లు వెడల్పుగా, కురచగా మారిన తెరలు, పుటలు చదవడానికి అనువుగా కాస్త పొడవైన పాత కొలతకు 2020 ప్రాంతంలో మళ్ళీ మళ్ళుతున్నాయి. కొత్తదన్నది ప్రతిసారీ ముందడుగే కాదు. కొన్నిసార్లు చుట్టూ తిరిగి పాత చోటికే వచ్చి చేరుతుంది.

మన ముద్రణ గదుల్లో

తెలుగు ముద్రణ రంగానికి దీనితో ప్రత్యక్ష సంబంధం ఉంది. యూనికోడ్ వ్యాపించక ముందు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, పత్రికలు లెక్కలేనన్ని. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 తరువాత మరొక పెద్ద సంచిక రాలేదు. అందులో యూనికోడ్ తెలుగు నడవదు. పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయాలంటే ఆ ఫైలు తెరిచే కంప్యూటర్ ఒకటి కావాలి. ఉర్దూ ముద్రణలో ఇన్‌పేజ్ పాత సంచికల్లో భద్రపరచిన ఫైళ్ళకూ ఈ చిక్కు ఉంది. అందుకే కొన్ని డీటీపీ కేంద్రాలలో ఒక మూల పాత యంత్రం ఒకటి ఇంకా పనిచేస్తూ కనిపిస్తుంది. అది పోతే ఇరవై ఏళ్ళ రాతకు తాళంచెవి పోయినట్లే. ఆ ఫైళ్ళను యంత్రం బాగున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ ప్రతులు తీసి పెట్టుకోవడం వివేకం.

2025 అక్టోబర్ 14

పాత లాప్‌టాప్ ఉన్న ప్రతి ఇల్లు గుర్తుంచుకోవలసిన తేదీ ఇది. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. వ్యక్తిగత వాడుకరులు నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా సవరణలు అందుతాయని ప్రకటించారు. ఇక విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదవ తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. అంటే చక్కగా పనిచేస్తున్న యంత్రాలు సైతం ఈ షరతు వద్ద ఆగిపోతాయి. సవరణలు అందని కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు జరపడం ప్రమాదం. ఈ మాటను తేలికగా తీసుకోరాదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, కొనేటప్పుడే ఎనిమిదవ తరం గీత దాటిన పాత యంత్రాన్ని ఎంచుకోవడం. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480కి నేడు అంత ఆదరణ ఉండడానికి ఇదీ ఒక కారణం. విండోస్ 11 నడుస్తుంది, ర్యామ్‌కు రెండు గాడులున్నాయి, రెండు బ్యాటరీలలో ఒకటి బయటి నుండే మార్చుకోవచ్చు. రెండవది, అంతకంటే పాత యంత్రంలో లినక్స్ వేసుకోవడం. లినక్స్ మింట్, డెబియన్ వంటివి ఉచితం; తెలుగు, ఉర్దూ టైపు చేయడానికి అందులోనే ఏర్పాటు ఉంటుంది. పాఠాలు చదవడానికి, వ్యాసాలు రాయడానికి, వీడియో తరగతులు చూడడానికి అవి చాలు. అయితే కళాశాల చెప్పిన ప్రత్యేక సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేదైతే ఈ దారి కుదరదు.

కొనేముందు చూడవలసినవి

పాత లాప్‌టాప్ నెమ్మదిగా ఉందంటే చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు, లోపల గిరగిర తిరిగే హార్డ్ డిస్క్‌ది. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్‌ను ఎనిమిది జీబీకి పెంచితే అదే యంత్రం గుర్తుపట్టలేనంతగా చురుకవుతుంది. కనుక కొనే ముందు ఈ రెండూ మార్చే వీలుందా అని అడగండి.

దుకాణంలోనే లాప్‌టాప్‌ను తెరిపించి ప్రతి మీటా నొక్కి చూడండి. తెరను తెల్లగా చేసి మచ్చలు, గీతలు ఉన్నాయేమో పరిశీలించండి. కీళ్ళు వదులయ్యాయా, యూఎస్‌బీ ద్వారాలు, కెమెరా, మైకు పనిచేస్తున్నాయా చూడండి. బ్యాటరీ తయారైననాటి సామర్థ్యమెంతో, ఇప్పుడు ఎంత నిలుస్తున్నదో చూపే నివేదికను విండోస్‌లోనే తీయించవచ్చు. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్లు పైకి లేచి ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. దాన్ని ఇంట్లో విప్పడం, గుచ్చడం ప్రాణాంతకం. కంపెనీల నుండి వచ్చిన యంత్రాలకు బయోస్ తాళం మిగిలి ఉండవచ్చు. అది తీసి ఇచ్చారో లేదో నిర్ధారించుకోండి. బిల్లు లేకుండా చవగ్గా వస్తున్నదంటే అది దొంగసొత్తు కావచ్చు. అటువంటిది తీసుకోకండి.

మీ ఇంటి పాత లాప్‌టాప్ అమ్మేటప్పుడు మరొక జాగ్రత్త. ఫొటోలు చెత్తబుట్టలో వేసి ఖాళీ చేసినంత మాత్రాన అవి డిస్క్ నుండి పూర్తిగా పోవు. ఇంటి ఆడపిల్లల చిత్రాలు, బ్యాంకు కాగితాలు పరాయి చేతిలో పడకుండా డిస్క్‌ను పూర్తిగా తుడిచే రీసెట్ పద్ధతిని వాడాలి. లేదా డిస్క్‌ను తీసి మీ వద్దనే ఉంచుకోవాలి.

కొత్తది అవసరమైన చోట

పాతదాన్ని పొగడడమే న్యాయం కాదు. బ్యాటరీ నిలవడంలో, వేడెక్కకుండా ఉండడంలో, తెర నాణ్యతలో కొత్త యంత్రాలు నిజంగా ముందున్నాయి. ముఖ్యంగా 2020 చివర ఆపిల్ తన ఎం1 చిప్ తెచ్చిన తరువాత ఈ అంతరం బాగా పెరిగింది. వాస్తుశిల్పం, వీడియో ఎడిటింగ్, కృత్రిమ మేధ వంటి చదువులకు పాత లాప్‌టాప్ చాలదు. రోజంతా కరెంటు ప్లగ్గుకు దూరంగా తరగతుల్లో గడిపే విద్యార్థికీ కొత్తదే మేలు కావచ్చు. అందుకే "కొత్తదా, పాతదా?" అన్న ప్రశ్న కంటే ముందు "పిల్లవాడు దానితో ఏ పని చేస్తాడు?" అని అడగాలి. కళాశాల ఇచ్చే సాఫ్ట్‌వేర్ జాబితాను చేతిలో పట్టుకొని బజారుకు వెళ్ళడం అన్నిటికంటే ఉత్తమం.

మరమ్మతు హక్కు

ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారవేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి పంపినట్లు నమోదైనది 22.3 శాతమే. ఒక లాప్‌టాప్ వల్ల వాతావరణంలోకి చేరే కాలుష్యంలో అధిక భాగం మనం దాన్ని వాడేటప్పుడు కాక, తయారయ్యేటప్పుడే వెలువడుతుంది. కనుక ఉన్నదాన్ని మరో మూడేళ్ళు నడిపించడం ఇంటికీ, నేలకూ మేలే.

ప్రభుత్వాలు కూడా మేల్కొంటున్నాయి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న మరమ్మతు హక్కుకు సంబంధించిన పోర్టల్‌ను ప్రారంభించింది. ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి 18 నుండి అమ్మే చిన్న పరికరాల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులతో, వాడుకరి స్వయంగా తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. పాత లాప్‌టాప్ అడుగున ఉండిన ఆ చిన్న గొళ్ళెం ఇచ్చిన సౌకర్యం చట్టం ద్వారా తిరిగి రాబోతున్నదన్నమాట.

ఈ హక్కు కాగితంపై మిగిలిపోకుండా ఉండాలంటే విప్పి బాగుచేసే చేతులు కావాలి. వేసవి సెలవుల్లో ఇంట్లో మూలపడిన లాప్‌టాప్‌ను తెలిసినవారి సమక్షంలో పిల్లల చేత తెరిపించండి. దుమ్ము తుడిచి, ర్యామ్ మార్చి, ఎస్ఎస్‌డీ వేసి, లినక్స్ ఎక్కించడం ఒకటి రెండు రోజుల్లో నేర్చుకోదగిన పని. అది నడిస్తే కొత్తది కొనే ఖర్చు మిగులుతుంది. నడవకపోయినా పిల్లవాడికి ఒక విద్య అబ్బుతుంది.