పట్టుగుడ్డ మీద తిమింగలాల మేత

నార్త్ అట్లాంటిక్ రైట్ తిమింగలం పొడవు 15 మీటర్ల దాకా ఉంటుంది. దాని తిండి మాత్రం నీటిలో కొట్టుకుపోతూ బతికే, నువ్వు గింజంత ఉండే కలానస్ అనే ప్లవకం. రోజుకు టన్నుకు పైగా తినాలి కాబట్టి ఆ ప్లవకాలు చిక్కగా పేరుకున్న చోటికే తిమింగలం చేరుతుంది. మేత జాడ దొరికితే తిమింగలం జాడ దొరికినట్టే.

ఆ జాడ పట్టే యంత్రానికి నూరేళ్లు. అలిస్టర్ హార్డీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దాన్ని రూపొందించి, 1925లో బయల్దేరిన డిస్కవరీ ఓడలో అంటార్కిటిక్ సముద్రానికి తీసుకెళ్లాడు. వేటగాళ్లు తిమింగలాలను ఊడ్చేస్తున్న రోజులవి. వాటి మేత సంగతి తెలిస్తే వేటకు హద్దు పెట్టవచ్చని ఆ యాత్ర.

వల వేస్తే వేసినచోటి సంగతే తెలుస్తుంది. హార్డీకి దారి పొడవునా లెక్క కావాలి. మీటరు పొడవు లోహపు పెట్టె, ముందు వేలు పట్టేంత రంధ్రం, వెనక ప్రొపెల్లర్. ఓడ లాగుతుంటే నీటి ఒరవడికి ప్రొపెల్లర్ తిరిగి, లోపలి పట్టుగుడ్డను సినిమా రీలులా మెల్లగా కదుపుతుంది. ప్లవకాలు గుడ్డకు అంటుకోగానే మీద మరో పట్టుగుడ్డ కప్పుకుని, రెండూ కలిసి ఫార్మలిన్‌లోకి చుట్టుకుపోతాయి. పది నాటికల్ మైళ్ల సముద్రానికి పది సెంటీమీటర్ల గుడ్డ! ఒడ్డున విప్పితే, వృక్షప్లవకాలు దట్టంగా ఉన్న చోట గుడ్డ పచ్చబడి ఉంటుంది. ఆ పచ్చదనాన్నీ రాసుకుంటారు. ఆపైన మైక్రోస్కోపు కింద లెక్కింపు.

1931 నుంచి మామూలు ఓడలే దీన్ని లాగుతున్నాయి. పద్ధతి దాదాపు మారలేదు. నా దృష్టిలో ఆ మొండిపట్టే దీని గొప్ప, ఎందుకంటే తాతల నాటి లెక్కను నేటి లెక్క పక్కన పెట్టి చూడగలుగుతున్నాం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పక్క సింధుశాఖలో ఈ లెక్క 1961 నుంచి ఉంది.

2010 తరవాత ఆ నీళ్లు వేడెక్కి కలానస్ తగ్గింది. తిమింగలాలు మేత వెతుక్కుంటూ కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖకు వెళ్లాయి. వాటిని కాపాడే నిబంధనలు మాత్రం పాతచోటే ఉండిపోయాయి. 2017లో 17 తిమింగలాలు చనిపోయాయి. అందులో 12 కెనడా నీళ్లలోనే. ఓడలు ఢీకొని కొన్ని, పీతల బోనుల తాళ్లు చుట్టుకుని కొన్ని.

ఇప్పుడు శాస్త్రవేత్తలు ఈ పట్టుగుడ్డ లెక్కలకు నీటి వేడిని, ప్రవాహాలను, ఉపగ్రహాలు చూపే సముద్రపు రంగును జోడించి కలానస్ ఎక్కడ పేరుకుంటుందో కంప్యూటర్లో అంచనా కడుతున్నారు. చిక్కు లేకపోలేదు. పెట్టె నడిచేది పైపొరలో, కలానస్ నెలల తరబడి నిద్రాణంగా ఉండేది లోతుల్లో. అందుకే లోతు వలల లెక్కలూ కలపాలి.

ఈ తిమింగలాలు 400 కూడా మిగల్లేదు. మేత ఎటు కదులుతోందో అంచనా అందగానే, తిమింగలం అక్కడికి చేరకముందే, ఓడల వేగం తగ్గించాలి.