విశాఖ రేవున అర్ధరాత్రి ధ్వని – 1971 నాటి సాక్ష్యముల పరిశీలనము

యుద్ధచరిత్ర రెండు తావుల నిలుచును. ప్రభుత్వముల దస్త్రములలో నిలుచునది యొకటి. ఆనాడు ఆ యూర నుండినవారి జ్ఞాపకములలో నిలుచునది మఱియొకటి. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్టణపు రేవు ముంగిట పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన యుదంతమున ఈ రెండును కొన్నియెడల కలియుచున్నవి, కొన్నియెడల విడిపోవుచున్నవి. ఎచట కలియునో, ఎచట విడిపోవునో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

జలాంతర్గామి యనగా నీటిలోపల సంచరించు యుద్ధనౌక. ఘాజీ మొదట అమెరికా నౌకాదళమునకు చెందినది. 1944లో జలప్రవేశము చేసిన ఈ నౌకకు నాటి పేరు డయాబ్లో. 1964లో అది పాకిస్తానునకు వచ్చెను. కరాచీ నుండి బయలుదేరి, భారతదేశపు దక్షిణాగ్రమును చుట్టి, బంగాళాఖాతము వఱకు పోగల జలాంతర్గామి నాడు పాకిస్తానునకు అది యొక్కటియే. 1971 నవంబరు 14న కరాచీ విడిచిన ఘాజీకి ప్రధాన లక్ష్యము మన విమానవాహక నౌక విక్రాంత్. కాని తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను ముందే అండమాను దీవులకు తరలించి, అది విశాఖ ప్రాంతముననే యున్నట్లు శత్రువునకు తోచునట్లు ఏర్పాట్లు గావించెను. లేని నౌక పేరిట వార్తలు పంపు పని రాజ్‌పుత్ అను పాత విధ్వంసక నౌకకు అప్పగింపబడెను. రాజ్‌పుత్, ఘాజీ రెండును రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్మింపబడినవే.

డిసెంబరు 3వ తేదీ సాయంకాలమున పాకిస్తాను విమానములు పశ్చిమమున మన విమానక్షేత్రములపై దాడి చేయగా యుద్ధ మారంభమయ్యెను. ఆ రాత్రి రాజ్‌పుత్ దీపములార్పి విశాఖ రేవు కాలువ దాటి సముద్రమున ప్రవేశించెను. ముందువైపున నీరు కలగినట్లు కావలివాడు తెలుపగా, నౌకాధికారి ఇందర్ సింగ్ వేగము పెంచి అచటికి నడిపి రెండు డెప్త్ చార్జీలు విడిపించెను. నిర్ణీతమైన లోతున పేలి, నీటి యొత్తిడిచే జలాంతర్గామిని దెబ్బతీయు బాంబులివి. ఆ పిదప నేమియు కనబడనందున రాజ్‌పుత్ తన దారిన పోయెను. కొన్ని నిమిషములకు, అర్ధరాత్రి దాటిన వెంటనే, గొప్ప ప్రేలుడు వినబడెను.

ఇక సాక్ష్యముల మాట. తీరమందలి యిండ్ల కిటికీల యద్దములు కదలెననియు, ప్రధానమంత్రి ఇందిరాగాంధీ రేడియో ప్రసంగమునకై మేలుకొనియున్న జనులు భూకంపమని తలచి బయటికి వచ్చిరనియు కృష్ణన్ వ్రాసెను. ఈ సాక్ష్యమున గమనింపదగిన విశేష మొకటి కలదు. దీనిని చూచినవారు లేరు, విన్నవారే కలరు. చీకటిలో, నీటి యడుగున జరిగినదానిని కన్ను పట్టజాలదు. కనుక ఆ రాత్రికి విశాఖవాసులు శ్రవణసాక్షులే గాని ప్రత్యక్షసాక్షులు కారు. అయినను వారి సాక్ష్యము చులుకనైనది కాదు. ఇంటింట రేడియో ముందు జనులు వేచియున్న సమయ మగుటచే, ఆ ధ్వనికి ఒక కాలనిర్ణయ మేర్పడినది. ఘాజీ నుండి తీసిన గడియారము ఆ ప్రేలుడు వేళకే నిలిచిపోయియుండెనని కృష్ణన్ చెప్పినమాట దీనికి తోడగుచున్నది.

రెండవ సాక్ష్యము జాలరులది. వారికి సముద్రమున తేలుచు దొరకిన వస్తువుల వలననే జాడ తెలిసెను. తరువాత గజయీతగాండ్రు దిగి శిథిలనౌకను గుర్తించిరి. ధ్వని విన్నవారు కాలమును చెప్పగా, జాలరులు స్థలమును చూపిరి.

కారణమును మాత్రము ఈ రెండు సాక్ష్యములును చెప్పజాలవు. రాజ్‌పుత్ విడిచిన చార్జీలచే మునిగెనని భారత నౌకాదళపు వాదము. తాను పఱచిన మందుపాతరచేతనో, లోపలి ప్రమాదముచేతనో పేలెనని పాకిస్తాను పక్షపు వాదము. బ్యాటరీల నుండి వెలువడిన హైడ్రోజన్ వాయువే కారణమన్నవారును కలరు. విన్నవాని చెవికి మూడు ప్రేలుళ్లును ఒక్కటియే. కావున “మనవారు ముంచగా విన్నాను” అని యొక వృద్ధుడు చెప్పినచో, “విన్నాను” అనునది సాక్ష్యము. “మనవారు ముంచగా” అనునది పిదప తెలిసికొన్న మాట. ఈ వివేకము జ్ఞాపకములను సేకరించువారికి ముఖ్యము.

జ్ఞాపకములు ఒకదానితో నొకటి కలిసిపోవుటయు కలదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. జనులు ఊళ్లు విడిచిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలెను. 1944 ఫిబ్రవరి 11న విశాఖకు దక్షిణమున జపాను జలాంతర్గామి ఆర్‌ఓ-110 వర్తకనౌక ఆస్ఫేలియన్‌ను టార్పెడోతో కొట్టి, జమునా మొదలగు రక్షకనౌకలచే ముంచబడెను. పగలు విమానములు కనబడెనన్న జ్ఞాపకము 1942 నాటిది. రేడియో ప్రసంగముతో ముడిపడిన ధ్వని 1971 నాటిది. అట్లే సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కురుసుర భారత జలాంతర్గామి, ఘాజీ కాదు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవమైనదియు కరాచీ రేవుపై మన దాడిని పురస్కరించుకొనియే గాని ఘాజీ వలన కాదు.

ఘాజీ నేటికిని విశాఖ సముద్రగర్భముననే యున్నది. అందు 90 మందికి పైగా నావికులు మరణించిరి. శత్రువులైనను వారును తల్లులు కన్న బిడ్డలే. విశాఖవాసులు విన్న ధ్వని వారి తుదిక్షణము.

నాడు పదునైదేండ్ల బాలురైనవారు నేడు డెబ్బది యేండ్ల ప్రాయమున నున్నారు. నాందేడు జిల్లా మాండవి వలె సముద్రమునకు మిక్కిలి దూరమైన తావుల తెలుగు బాలురకు ఈ కథ పుస్తకము వలననే చేరవలెను. అట్టి పుస్తకమునకు వలయునది వీరుల వర్ణన మాత్రమే కాదు. విన్నవారిని వెదకి, ఏ వీధిలో నుండిరి, ఏమి వినిరి, అప్పుడు ఇంట నెవరెవరు మేలుకొనియుండిరి అని యడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. వారు విన్నదానిని, పిదప తెలిసికొన్నదానిని వేఱువేఱుగా గుర్తింపవలెను. వినినవారు ఉన్నంతవఱకే ఈ పనికి వ్యవధి కలదు.